కాలికి తెలిసిన జబ్బు

"నీ కాలికేమయిందే ఈ పొద్దు?"

"నా కాలికేమీ కాలేదు. నీ తలకాయకే అయింది. అది క్లచ్చే. పో, పోయి సంగటి తిను."

మా ఆయన ఓబులేసుకూ నాకూ మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవి. ఆయన పోయి సంగటి తిన్నాడు. చేయి కడుక్కున్నాడు. షెడ్డు వసారాలో మంచం మీద ఒరిగాడు. ఎండ తిరిగాక టీ తాగుతావా అని అడగడానికి పోతే మనిషి లేడు. పోయే ముందు కొందరు దేవుణ్ణి తలుస్తారట, కొందరు పిల్లల్ని పిలుస్తారట. మా పదహారేళ్ళ కాపురం క్లచ్చు దగ్గర ఆగిపోయింది.

ఆ రెండు మాటల్లో ఒక అబద్ధం ఉంది. అది నాది. ఎందుకు చెప్పానో తర్వాత చెబుతాను. ఇప్పుడే చెబితే గేర్ల సంగతి వినకుండా లేచిపోతారు.

నా పేరు సుంకమ్మ. పంతొమ్మిది వందల యాభైల నుంచీ పామిడి బయట, గుత్తికి పోయే రోడ్డు పక్కన మా షెడ్డు ఉండేది. నాలుగు రాతి కంబాలు, పైన రేకులు, చుట్టూ దుమ్ము. బండికి గేరు పడకపోతే ఎందుకు పడటం లేదో కనిపెట్టడం నా పని. విప్పేదీ బిగించేదీ మగవాళ్ళు. జబ్బు పేరు చెప్పేది నేను. నాకు చదువు లేదు. సంతకం పెడతాను, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కుంటాను, అంతే. నేను చెబుతుంటే మా చెల్లెలి మనవరాలు భారతి రాస్తోంది. ఈ పిల్ల మోటారు మెకానిక్ చదువులో చేరింది, తోటి పిల్లలకు చూపిస్తుందట. నా యాసను పుస్తకాల భాషలోకి మార్చుకోమన్నాను. మనుషులు మాట్లాడింది మాత్రం మాట్లాడినట్టే రాయాలని ఒట్టు పెట్టించుకున్నాను. చచ్చినవాళ్ళ నోట్లో కొత్త భాష కుక్కడం నాకు ఇష్టం లేదు.

నేను బండి ఎక్కిన సంగతి

షెడ్డు మొదట ఖాసీం సాబుది. ఊరికంతా ఆయన మేస్త్రీ, నాకు పిలుపుకు మామ. మా ఆయన కమ్మరింట పుట్టి, ఎద్దుల బండి చక్రాలకు ఇనుప పట్టాలు వేసే పని వదిలేసి ఆయన దగ్గర చేరాడు. పెళ్ళైన కొత్తలో నేను మధ్యాహ్నం సంగటి గిన్నె పట్టుకుని షెడ్డుకు పోయేదాన్ని.

క్లచ్చు పని చూడాలంటే ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు బండి కింద పడుకుని చూడాలి. ఇంకొకరు సీట్లో కూర్చుని పెడలు తొక్కాలి. ఒక రోజు తొక్కేవాడు పనికి రాలేదు. ఖాసీం సాబు అటూ ఇటూ చూసి, గిన్నె పట్టుకుని నిలబడ్డ నన్ను చూశాడు.

"కోడలా, ఎక్కి తొక్కు."

"నేనా మామా? నాకు ఎద్దుల బండి తోలేదే తెల్దు."

"ఎద్దులకన్నా ఇదే మేలు. తన్నదు. ఎక్కు."

బండి కింద నుంచి మా ఆయన అరిచాడు. "దానికెందుకు మామా? ఊళ్ళో నగుతారు!"

"అయితే ఆ నగేవాళ్ళనే పిల్చుకోని రా. వాళ్ళు తొక్కుతారు."

ఎక్కాను. ఊళ్ళో నిజంగానే నవ్వారు. ఓబులేసు పెళ్ళాం కారులో రాణి మాదిరి కూర్చుందన్నారు. ఆ కారుకు చక్రాలే లేవు, రాళ్ళ మీద నిలబెట్టి ఉంది. అయినా నేను రాణినే.

నాకు అప్పట్లో చెప్పులు లేవు. అదే నాకు కలిసి వచ్చింది. ఒట్టి పాదంతో రోజూ పెడలు తొక్కితే కొన్నాళ్ళకు కాలికి ఒక చూపు వస్తుంది. ఎక్కడిదాకా ఊరికే పోతోంది, ఎక్కడ బరువు తగులుతోంది, ఎక్కడ క్లచ్చు విడిపోతోంది, అన్నీ అరికాలికి తెలుస్తాయి. బూట్లు వేసుకున్నవాడికి పెడలు ఒక ఇనుప ముక్క, అంతే. ఇక నా నోరు ఎప్పుడూ ఆగేది కాదు. అందుకు ఖాసీం సాబు తిట్టేవాడు.

"తొక్కేటప్పుడు నోరు మూయల్ల కోడలా. కాలు మాట్లాడతాంటుంది, వినల్ల."

ఆయన నేర్పిన మొదటి పాఠం ఇప్పటికీ పనికొస్తుంది. గేరు గట్టిగా ఉందని ఎవరైనా బండి తెస్తే ముందు ఇంజిను ఆపించండి. ఆపాక గేర్లన్నీ వేసి చూడండి. ఆపినప్పుడు సులభంగా పడి, ఇంజిను నడుస్తున్నప్పుడు పళ్ళు నూరితే గేరు పెట్టెలో జబ్బు లేదు, క్లచ్చు సరిగా విడిపోవడం లేదు. ఆపినా, నడిచినా ఒకే మాదిరి గట్టిగా ఉంటే గేరు కర్ర దగ్గరి రాడ్లలోనో, పెట్టెలోనో, దాని నూనెలోనో చూడాలి. దీనికి పానా అక్కర్లేదు, జాకీ అక్కర్లేదు. అయినా నూటికి తొంభై మంది ముందు పానా అందుకుంటారు. చేతిలో ఇనుము లేకపోతే మగవాడికి పని చేసినట్టు ఉండదు.

రెడ్డి కంబళి

దగ్గరి ఊళ్ళో ఒక రెడ్డి కారు కొన్నాడు. భూములున్న మనిషి, ఓట్లప్పుడు ఆయన మాట నడిచేది. పేరు వద్దు. ఆ కారు గేరు వేసేటప్పుడు గర్రుమనేది. షెడ్డుకు వచ్చి దిగేవాడు, తానే లోపలి కంబళి తీసి రాతి కంబానికి వేలాడేసేవాడు, మా చేతుల గ్రీజు అంటకూడదని. మేం పరీక్ష చేస్తే గేరు చక్కగా పడేది. సరే అని కంబళి పరుచుకుని పోయేవాడు. మూడో రోజు మళ్ళీ వచ్చేవాడు.

"ఏమప్పా ఓబులేసూ, నీ తావ బాగుంటుంది, నా తావ చెడుతుంది. బండికి నీ మీద ప్రేమా?"

రెండోసారి వచ్చినప్పుడు ఖాసీం సాబుకు రోషం వచ్చింది. పెట్టె దించమన్నాడు. దించడం అంటే ఏమిటో ఇప్పటి పిల్లలకు తెలియదు. మాకు లిఫ్టు లేదు, కింద గొయ్యి కూడా లేదు, తవ్వితే బండ. మనిషి బండి కింద వెల్లకిలా పడుకుని, గుండెల మీద గోనెసంచి మడిచి వేసుకుని, బోల్టులు విప్పి ఆ ఇనుప పెట్టెను ఒంటి మీదికి దించుకునేవాడు. మా షెడ్డులో ఆ ఒళ్ళు ఓబులేసుది. దించాడు. లోపల పళ్ళు కొత్త పళ్ళు, వంక పెట్టడానికి లేదు. మళ్ళీ ఎక్కించాడు. మూడో రోజు రెడ్డి మళ్ళీ వచ్చాడు.

ఆ రోజు కూడా షెడ్డులో గేరు బాగానే పడింది. రెడ్డి కంబళి మడిచి కింద పరిచి, ఎక్కబోతున్నాడు. నాకు ఎందుకో అనిపించింది.

"సామీ, ఒక్క తూరి నేను కూసోని చూస్తా."

"వాళ్ళిద్దరికీ కనపడంది నీకు కనపడుతుందా?"

"కనపడదు సామీ. నాకు చూసేది కాలు."

ఆడమనిషి కాలు తన కంబళి మీద పడటం ఆయనకు నచ్చలేదు. కాళ్ళు కడుక్కునే వచ్చాను సామీ అంటే పక్కకు జరిగాడు. కూర్చున్నాను. తొక్కాను. పెడలు పోవాల్సినంత దూరం పోకముందే మెత్తగా ఆగింది.

"మామా, పెడలు నేలకు తగల్లేదు. కింద కంబళి అడ్డమొస్తాంది."

ఖాసీం సాబు లోపలికి తల పెట్టి చూశాడు. కంబళి లాగేశాడు. "వెయ్ గేరు" అన్నాడు. పడింది. కంబళి మళ్ళీ పెట్టాడు. "వెయ్." గర్రుమంది.

మడకశిర వైపు నుంచి తెప్పించిన గొర్రెబొచ్చు కంబళి అది. మా ఎండలకు కారు కింద రేకు పెనం మాదిరి కాలుతుంది. కాళ్ళకు చల్లగా, చూసేవాళ్ళకు ఘనంగా ఉండాలని రెడ్డి నాలుగు మడతలు వేసి పరిచాడు. ఆ మందం మీద పెడలు ఆగిపోతే క్లచ్చు సగమే విడిపోతుంది. సగం విడిపోయిన క్లచ్చుతో గేరు ఎలా పడుతుంది? మేం మర్యాదగా కంబళి తీసి పరీక్ష చేశాం. అంటే మూడుసార్లూ రోగాన్ని కంబానికి వేలాడేసి, రోగి బాగున్నాడని చెప్పి పంపాం.

రెడ్డి మొహం ఎర్రబడింది. "అంటే తప్పు నా కంబళిదా?"

"కంబళిది కాదు సామీ, మడతది" అన్నాడు ఖాసీం సాబు.

మా ఆయన రెండు రోజులు అలిగాడు. ఊరికే పెట్టె మోశాడు కదా. మూడో రోజు నేను ఏదో బండిలో కూర్చుని తొక్కుతుంటే, కింద నుంచి బయటికి జరిగి, తెరిచిన తలుపులోంచి చేయి చాపి నా కాలు పట్టుకున్నాడు.

"ఇంగ నీ కాలు చెప్పకుండా పెట్టె దించను. ఇదో, దీని మీద ఒట్టు."

మొగుడు పెళ్ళాం కాలు పట్టుకున్నాడని ఎవరికీ తెలియదు. ఇప్పుడు తెలుస్తుంది. తెలియనీ.

బొరుగులు ఉంటే తినేవాళ్ళం

పొద్దున గేరు కదలదు, మధ్యాహ్నానికి వదులవుతుంది, ఇంజిను ఆపినా అంతే. ఇలా చెబితే నూనె మందమైందని అర్థం. నూనె మిల్లు శెట్టి బండిది అదే జబ్బు.

"పెట్టెలో ఏం పోసినావు శెట్టీ?"

"ఏం పోస్తారు? ఆయిలే."

"యా ఆయిలు?"

"మంచి ఆయిలు."

బండి తెచ్చినవాణ్ణి నమ్మకండి, ఇది రాసి పెట్టుకోండి. డాక్టరు దగ్గర తాగుడు దాచినట్టే మెకానిక్ దగ్గర అందరూ ఏదో ఒకటి దాస్తారు. అడగండి, తల ఊపండి, తర్వాత మీరే చూడండి. నేను పెట్టె పక్క బిరడా విప్పించి వేలు పెట్టాను. వేలికి పాకం మాదిరి సాగింది. వాసన చూస్తే కడుపులో ఆకలి లేచింది.

"శెట్టీ, బొరుగులు తెచ్చుకోనుంటే ఈడనే కలుపుకోని తింటుంటిమి."

అది ఆయన మిల్లు వేరుశనగ నూనె, మా మాటలో చెనిక్కాయ నూనె. గేరు నూనె కోసం గుత్తి దాకా పోవడం ఎందుకని, ఇంట్లో ఉన్నదే పోశాడు. చెనిక్కాయ నూనె వేడికి కాగి కాగి బంక అవుతుంది.

"మా నూనెకు పేరుండాది! బళ్ళారి దాకా పోతాది!" అన్నాడు శెట్టి, అవమానం తట్టుకోలేక.

"నూనె పోతాది శెట్టీ. బండి పోదు."

కిరసనాయిలుతో కడగడానికి మా ఆయనకు ఒక పగలంతా పట్టింది. షెడ్డు చుట్టూ చీమలు వారం రోజులు తిరిగాయి.

నా తప్పు ఒకటి

కంబళి తర్వాత నాకు పొగరెక్కింది. దాన్ని దాచను. దూరపు ఊళ్ళవాళ్ళు కూడా "కాలు చూపిస్తుందే, ఆయమ్మ" అని వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. నేను కాలు చూపించను, కాలితో చూస్తాను. అయినా ఆ మాట వింటే నాకు లోపల బాగానే ఉండేది.

ఒక వ్యానువాడు గేరు గర్రుమంటోందని వచ్చాడు. నేను సీట్లోకి కూడా ఎక్కలేదు. రోడ్డు మీద చప్పుడు విని, క్లచ్చు విడిపోవడం లేదు, క్లచ్చు రాడ్డు బిగించమన్నాను. మా ఆయన బిగించాడు. గేరు దూదిలా పడింది. వ్యానువాడు నాకు దండం పెట్టి పోయాడు. పది రోజులకు పెన్న ఏటి ఇసుకలో ఆగిపోయాడు. నాలుగు ఎద్దులు కట్టి లాగారు. క్లచ్చు ప్లేటు మాడి బొగ్గయింది.

రాడ్డు అంతగా బిగిస్తే కాలు తీసినా క్లచ్చు పూర్తిగా పట్టదు, జారుతుంది. జారితే కాలుతుంది. పెడలు మీద కాలు పెట్టగానే బరువు తగలకూడదు, రెండు వేళ్ళంత ఊరికే పోవాలి, ఆ తర్వాతే బరువు రావాలి. ఆ రెండు వేళ్ళ ఖాళీని నేను తినేశాను. వ్యానువాడు నన్ను తిట్టలేదు, అదే ఎక్కువ నొప్పి. ఖాసీం సాబు మాత్రం వదల్లేదు.

"యేం కోడలా, చెవితో తొక్కినావా?"

ఆ తర్వాత కూర్చోకుండా జబ్బు చెప్పలేదు. కాలు చెప్పిందే నోటితో చెప్పాను. ఒక్కసారి తప్ప.

ఆ పొద్దు

అప్పటికి ఖాసీం సాబుకు చూపు మందగించి, షెడ్డు మాకు వదిలి ఇంటి పట్టున ఉన్నాడు. వరుసగా వానలు లేని ఏళ్ళు అవి. మావైపు వాన పడకపోతే రైతు ఏడుస్తాడు, బండి దుమ్ము తింటుంది, మెకానిక్‌కు పని దొరుకుతుంది. కరువు మా ఇంట్లో పొయ్యి వెలిగించింది. సిగ్గుపడే మాటే, నిజం కూడా.

చలికాలం పొద్దున. అదే రెడ్డి, అదే కారు, బాగా అరిగిన వయసు. ఇంజిను ఆపితే గేర్లన్నీ పడుతున్నాయి. ఇంజిను వేస్తే గర్రు. రివర్సుకైతే ఏడుపే. కంబళి ముందే తీసేశాం. మొదటి పాఠం ప్రకారం ఇది క్లచ్చు. నేను ఎక్కి తొక్కాను. రెండు వేళ్ళ ఖాళీ సరిగ్గా ఉంది. బరువు రావాల్సిన చోట వస్తోంది. కాలు నేలదాకా పోతోంది. క్లచ్చులో వంక లేదు. కానీ పూర్తిగా తొక్కి పట్టుకుంటే గేరు కర్రలో సన్నని అదురు, లోపల ఎక్కడో కీచురాయి కూసినట్టు ఒక చప్పుడు.

భారతి ఇక్కడ కలం ఆపి, మొదటి పాఠం తప్పా అవ్వా అని అడుగుతోంది. తప్పు కాదు, దానికి తోక ఒకటి ఉంది. ఇంజిను వెనక తిరిగే పెద్ద చక్రం నడిమధ్యలో వేలెడంత ఇత్తడి బుష్షు ఉంటుంది. గేరు పెట్టె నుంచి వచ్చే షాఫ్టు మూతి అందులో ఆనుకుని ఉంటుంది. ఆ బుష్షు ఎండిపోయి షాఫ్టును పట్టేసిందనుకో, క్లచ్చు వదిలినా బుష్షు వదలదు. షాఫ్టు తిరుగుతూనే ఉంటుంది, గేరు పడదు. పైకి అచ్చం క్లచ్చు జబ్బు మాదిరే కనబడుతుంది. పెట్టె దించకుండా ఆ బుష్షును ఎవడూ ముట్టుకోలేడు.

నా కాలికి అది తెలిసిపోయింది. కింద ఉన్న ఓబులేసుకూ కళ్ళతో తెలిసింది.

"క్లచ్చు నిండుగా విడిపోతాంది. నడిమధ్య బుష్షు పట్టేసినట్టుండాది. పెట్టె దించల్ల. నీ కాలేమంటాదే?"

అడుగుతూ బయటికి జరిగాడు. అంత చలిలో మనిషి చెమటతో నానిపోయి ఉన్నాడు. ఎడమ భుజం పిసుక్కుంటున్నాడు. ముందు రోజు నుంచీ మెట్టు ఎక్కితే ఆయాసపడుతున్నాడు. ఆస్పత్రికి పోదామంటే, కడుపులో గాలి అన్నాడు. గోనెసంచి అప్పుడే మడిచి గుండెల మీద పెట్టుకున్నాడు. నేను ఔనంటే చాలు, పెట్టె దాని మీదికి వస్తుంది.

"క్లచ్చు" అన్నాను. "రాడ్డు రవంత సరిచేస్తే సరిపోతాది. రేపు చూద్దాం."

రెడ్డి అక్కడే నిలబడి విన్నాడు. ఓబులేసు నా మొహం చూశాడు, కాలు చూశాడు. తర్వాత ఆ మాట అడిగాడు. నేను ఆ జవాబు చెప్పాను. ఒట్టు ప్రకారం సంచి పక్కన పడేసి, సంగటి తినడానికి పోయాడు.

పెట్టె బరువు

కర్మలు అయిపోయాయి. రెడ్డి కారు షెడ్డులో అలాగే ఉంది. మా బావ, అంటే మా ఆయన అన్న, పల్లె నుంచి వచ్చాడు. చెడ్డవాడు కాదు. తనకు తెలిసిందే చెప్పాడు.

"పానాలు మూట కట్టు సుంకమ్మా. ఊరికి పోదాం. మొగోడు లేని షెడ్డుకు బండి ఎవడు తెస్తాడు?"

"తెస్తారు బావా. వాళ్ళు వచ్చేది కాలు కోసం."

"కాలు పట్టుకోని బతికేదేంది?"

బావ ఎద్దేవా చేసినా, నాకు ఉన్న ఆస్తి అంతే. పొలం లేదు, పిల్లలు లేరు. పల్లెకు పోతే బావ ఇంట్లో ఒక మూల, ఒక చెంబు, చచ్చేదాకా తలదించుకుని తినే తిండి. షెడ్డు నిలవాలంటే ఈ బండి నా చేతిలో బాగవ్వాలి. కాలికి ఉన్న పేరు చెడకూడదు.

ఆ సాయంత్రమే రెడ్డి వచ్చాడు. పరామర్శ అయ్యాక, బండి అనంతపురం పంపిస్తానన్నాడు. ఒక్క గంట ఆగమన్నాను. నేనే కింద దూరి రాడ్డు బిగించాను. క్లచ్చు అన్నాను కదా, క్లచ్చే అనిపించాలి. ఎక్కి గేరు వేశాను. గర్రుమంది. ఇంకో రెండు చుట్లు బిగించాను. గర్రుమంది. మూడోసారి పానా పట్టుకుంటే వ్యానువాడు గుర్తొచ్చాడు. పానా కింద పెట్టేశాను.

రెడ్డి అడిగాడు. "ఆ పొద్దు ఓబులేసు ఏమన్నాడు? నీవు క్లచ్చు అంటివి. ఆయప్ప ఏమో వేరే అనె గదా?"

అబద్ధం చాలా సులభం ఇక్కడ. ఆయన కూడా చివరికి క్లచ్చే అన్నాడు సామీ అంటే సరిపోయేది. చచ్చినవాడు లేచి వచ్చి కాదంటాడా? ఆ మాట నాలుక దాకా వచ్చింది.

"పెట్టె దించల్లన్నాడు సామీ. ఆయప్పదే నిజం. నా కాలు తప్పింది."

"చూసినావా!" అన్నాడు బావ వెనక నుంచి.

రెడ్డి కంబానికి వేలాడుతున్న కంబళిని చూశాడు.

"ఆ పొద్దు నా తప్పు నా మొగం మీదనే చెప్తివి. ఈ పొద్దు నీ తప్పు నీవే చెప్తాండావు. ఇంగ ఈ బండిని యాడికి తోలేది? దించు."

దించడానికి ఒళ్ళు కావాలి. బావకు కొలిమి పనే తెలుసు, బోల్టులు తెలియవు. నేను చీర బిగించి, ఆయన గోనెసంచినే మడిచి గుండెల మీద వేసుకుని కిందికి దూరాను. ఖాసీం సాబును రిక్షాలో పిలిపించాం. ఆయన స్టూలు మీద కూర్చుని, ఏ బోల్టు తర్వాత ఏ బోల్టో నోటితో చెప్పాడు. బావ ఒక పక్క తాడు పట్టుకున్నాడు. చివరి బోల్టు వదిలాక పెట్టె నా మీదికి దిగింది. ఊపిరి సగంలో ఆగింది. పదహారేళ్ళు ఇది పైన పెట్టుకుని ఆ మనిషి నాతో తగువు ఎలా ఆడాడో నాకు అర్థం కాలేదు.

"ఏం కనపడతాంది కోడలా?"

"షాఫ్టు మూతి నీలం తిరిగింది మామా. బుష్షు గీరుకోని పోయి ఉండాది. చుక్క నూనె లేదు."

"ఓబులేసు చెప్పిందే."

"ఔ మామా. చెప్పిందే."

ఖాసీం సాబు గొంతు తగ్గించాడు. "నీ కాలు తప్పిందంటే నేను నమ్మను."

"పానా అందీ మామా" అన్నాను. ఆయన అందించాడు. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

అనంతపురంలో లేతు మిషను మీద కొత్త బుష్షు తిప్పించి, నూనెలో నానబెట్టి, షాఫ్టు మూతి నునుపు చేసి బిగించాం. గేరు రెండు వేళ్ళతో పడింది. రెడ్డి కంబళిని ఒక్క మడత వేసి పరుచుకుని పోయాడు. బావ మరుసటి పొద్దు పల్లెకు పోతూ పానాలు వదిలి పోయాడు. షెడ్డు నిలిచింది. నా మోకాళ్ళు పోయేదాకా నడిపాను. సుంకమ్మ కాలు ఒక్కసారి తప్పింది, ఆ ఒక్కసారీ మొగుడి దగ్గర తప్పింది, అని ఊళ్ళో చెప్పుకునేవాళ్ళు. చెప్పుకోనిచ్చాను.

భారతి నన్నే చూస్తోంది. ఇప్పుడు దీనికీ తెలిసింది.

ఈ పనిలోకి వచ్చే పిల్లలూ, మీరు కాలు చెప్పిందే చెప్పండి. బండి తెచ్చినవాడి మొహం చూసి, మీ పక్కన పని చేసేవాడి మొహం చూసి మాట మార్చకండి. జబ్బు పేరు మారిస్తే జబ్బు పోదు. ఇది మీకు. నాకు మాత్రం ఆ పొద్దు మళ్ళీ వస్తే మళ్ళీ క్లచ్చనే అంటాను. నిజం చెప్పి ఉంటే ఆ మనిషి ఇనుము కింద పోయేవాడు. అబద్ధం చెప్పాను, సంగటి తిని మంచం మీద పోయాడు. నేను చేయగలిగింది ఆ మాత్రమే. కానీ తన పెళ్ళాం కాలికి మతి పోయిందనుకుంటూ పోయాడే, అదొక్కటే నాకు అరగదు.

చాలు భారతీ. ఇంక రాయొద్దు. కలం కింద పెట్టి మొదటి నుంచి చదువు, వింటాను. ఆయన అడిగిన మాట ఆయన మాదిరే రవంత కోపంగా చదువు. నా జవాబు దగ్గరికి వస్తూనే ఆగు. అది నువ్వు చదవద్దు. ఈ తూరి నేనే చెబుతాను.